పాస్టరమ్మగారి ఖాళీ పళ్లెం

మా పక్కింటి పాస్టరమ్మగారు పోయారని ఒంగోలు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి, నేను ఆవిడ స్ట్రాబెర్రీ కుండీలకే నీళ్లు పోస్తున్నాను. సమాధి దగ్గర ఒకావిడ నా చెవిలో, "ఆ మొక్కలంటూ ఎండలో తిరిగి తిరిగి ప్రాణం మీదికి తెచ్చుకుంది" అంది. అక్కడే గట్టిగా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. నేనొప్పుకోను. పాస్టరుగారు పోయాక ఒంటరిగా మిగిలిన మనిషిని పొద్దున్నే మంచం మీంచి లేపింది ఆ మొక్కలే.

అద్దంకి చుట్టుపక్కల మాకు తెలిసిన ఎరుపు మిర్చిది. చలికొండల మీద పెరిగే పండును ఇక్కడ పండిస్తానంటే అందరూ నవ్వారు.

"మన ఎండకి మనుషులే వడిలిపోతున్నారు అమ్మగారూ, మొక్కలేం బతుకుతాయండీ?" అన్నాడు మా ఆయన.

"ఎండ అందరికీ ఒకటే బాబూ. నీడే ఎవరికి వాళ్లం వేసుకోవాలి" అన్నారావిడ.

అన్నట్టే పాత నేత చీరలు వెదురు కర్రలకి కట్టి నీడ వేశారు. మా నల్లరేగడి నీళ్లు పట్టి ఉంచుతుందని ఇసుక, మాగిన పేడ కలిపారు. కాయ కుండీ మట్టికి తగలకుండా కింద వరిగడ్డి పరిచేవారు. తీగ సాగి పిల్ల మొక్క వేస్తే, తలలోంచి పిన్ను తీసి దాన్ని మట్టికి గుచ్చేవారు. అందుకే ప్రార్థనకొచ్చేసరికి ఆవిడ కొప్పు సగం ఊడి ఉండేది. మిర్చికి చేసినట్టే నేను మొదలుకి మట్టి ఎగదోయబోతే చెయ్యి పట్టుకున్నారు. "మొవ్వు మీద మట్టి పోయకమ్మాయ్, దానికి ఊపిరాడాలి."

ఇంత తాపత్రయమూ ఒక్క పళ్లెం కోసం. కోత పండుగనాడు మా చర్చిలో దేవుడి బల్ల దగ్గర ఎవరి పంట వాళ్లు తెచ్చి పెడతారు. మిర్చి, పత్తి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. సెంటు భూమి లేని పాస్టరమ్మగారు అన్నేళ్లూ పక్కన నిలబడి, ఇతరుల పంట మీద చేసే ప్రార్థనకి ఆమెన్ చెప్పారు. ఒక్కసారి తన చేతి పంట ఆ బల్ల మీద పెట్టాలని ఆవిడ పట్టుదల.

పోయినేడు పళ్లు పండాయి. పండుగ ముందురోజు ఆవిడ ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు, మా ఆయన చేలోంచి పురుగుమందు ట్యాంకు వీపున వేసుకుని వచ్చాడు. అడుగున కాస్త మందు మిగిలింది. మిగిలిన మందు పారబోయడమంటే మిర్చి రైతుకి ప్రాణం ఒప్పదు కదా. ఆవిడ తిరిగి రాగానే గర్వంగా చెప్పాడు కూడా: "ఆకుల మీద పురుగు కనపడితే మీ మొక్కలక్కూడా కొట్టేశానండీ!"

 ఆవిడ ఎర్రటి పళ్లన్నీ కోసి పెరట్లో గుంట తీశారు.

"కడిగితే పోతుంది లెండి అమ్మగారూ" అన్నాడు మా ఆయన, ముఖం మాడ్చుకుని.

"పిల్లలు కోసింది కోసినట్టే నోట్లో వేసుకునే పండయ్యా ఇది. దేవుడి బల్ల మీద అనుమానం పెట్టను" అని మట్టి కప్పేశారు.

ఇక చర్చికి రారనుకున్నాను. వచ్చారు. తోమిన స్టీలు పళ్లెం ఖాళీగా తెచ్చి, మిర్చి రాశి పక్కన పెట్టారు. సంఘపెద్ద తికమకపడి, "ఇదేమిటమ్మగారూ?" అన్నాడు.

"చోటు పట్టుకుంటున్నానండీ, వచ్చే ఏటికి" అన్నారు, బస్సులో కర్చీఫు వేసినంత మామూలుగా. ఎవరో నవ్వారు. ఆవిడ తల దించలేదు. ఆ రోజు ఆవిడ పక్కన నిలబడినందుకు నాకిప్పటికీ గర్వమే.

ఆవిడ పోయాక బంధువులు సామాను సర్దుకుంటూ కుండీలు పారేయమన్నారు. నేను పారేయలేదు. కుండీలూ, ఆ పళ్లెమూ మా ఇంటికి తెచ్చుకున్నాను. చీరల నీడ మా ఆయనే కట్టాడు. మందు ట్యాంకు ఇప్పుడు చేలోనే వదిలి వస్తున్నాడు.

వచ్చే ఆదివారం కోత పండుగ. ఎన్ని పండుతాయో నాకు తెలియదు. ఒక్కటీ పండకపోయినా సరే, పళ్లెం తీసుకెళ్లి ఆవిడ పట్టిన చోటే పెడతాను, నవ్వేవాళ్లని నవ్వుకోనివ్వండి.

ఈ ఉదయం చీర నీడలో ఒక కాయకి ఒక చెంప మాత్రం ఎర్రబడింది. దాని పక్కనే, పిల్ల మొక్కను మట్టికి పట్టి ఉంచుతూ, ఆవిడ తలపిన్ను ఇంకా అలాగే ఉంది.