ఆవిడ పేరు పెట్టిన పీత

చంపి పేరు పెట్టడం కూడా ఒక రకం ప్రేమేనా? ఈ ప్రశ్న ఏళ్ల తరబడి నా వెంటే ఉంది. పోయిన వారం క్లాంగ్‌లో మా ప్రొఫెసరు గారు కన్నుమూశారని ఫోన్ వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆవిడ ముఖం కాదు, యూనివర్సిటీలో నా బల్లమీదున్న సీసా.

ఆవిడది జపాన్. వయసులో ఉండగా అక్కడ ఆడమనిషిని పరిశోధన పడవ ఎక్కనివ్వలేదట. "ఇక్కడి జాలర్లు ఎక్కించుకున్నారు, ఉండిపోయాను," అనేవారు. మా ఊరు మలయ్ తీరంలోని హుటాన్ మెలింటాంగ్. అక్కడ ఏరు సముద్రంలో కలిసేచోట మోకాలిలోతు బురదలో తిరిగి, లోకం ఎరగని పీతల్ని కనిపెట్టారు. నాలాంటి ఆడపిల్లలం ఎందరమో ఆ బురదలోనే సైన్సు నేర్చుకున్నాం.

ఏడాదికోసారి మా ఇంటికొచ్చి, వాకిట్లో అగరొత్తి వెలిగించి, గ్లాసుతో నీళ్లు పెట్టి, ఆ ఏడు తను చంపిన పీతలకి తలవంచి నిలబడేవారు. వాళ్ల దేశపు ప్రయోగశాలల్లో అది ఆనవాయితీ అట. మొదటిసారి చూసి అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఏటి చిక్గూ, పీతలకి తద్దినమా? మరి నా సట్టిలో పీతలకి ఎవులు పెడతారు?"

మా ఊళ్లో టీచర్లని చిక్గూ అనే పిలుస్తారు. అమ్మ మాట నేను మలయ్‌లో చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"మీవి ఒకరి ఆకలి తీర్చాయి. నేను చూడ్డానికే చంపాను."

మరుసటేడు అమ్మే గ్లాసు కడిగి పెట్టింది. "ఉత్త నీళ్లేటి లాహ్, ఉప్పునీటి పీతలు కదా," అంటూ, మలయ్ వాళ్లలా 'లాహ్' తగిలించి, చిటికెడు ఉప్పు వేసింది.

ఆవిడ మొట్టమొదట పేరు పెట్టిన పీతే నా దగ్గర సీసాలో, స్పిరిట్‌లో ఉంది. ఆ జాతికి అదే ఆనవాలు. ఎవరికి అనుమానం వచ్చినా దానితోనే పోల్చి చూడాలి. అది దొరికినచోట ఇప్పుడు సిమెంటు జెట్టీ. మళ్లీ ఎంత వెతికినా అలాంటిది కనబడలేదు.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "దాన్ని బురదకి పంపించెయ్," అన్నారు. తెలిసే అన్నారో, జ్వరంలో అన్నారో. "పేరు పెట్టాక పారేసే హక్కు నీకుండదు," అని నేర్పింది కూడా ఆవిడే.

అమ్మకి చెప్పాను.

"పోయినోల్ల మాట తీసీకూడదు. వదిలీ. ఉజ్జోగం పోతే ఇంటికాడ నాతో పీతలు ఒలుద్దువుగాని."

నిన్న వాకిట్లో గ్లాసు ఒకటే పెట్టాం, పీతలకీ ఆవిడకీ కలిపి. అమ్మ ఉప్పు చేతిలో పట్టుకుని, వెయ్యాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది.

సీసా ఇంకా బల్లమీదే ఉంది. పీత పెద్ద డెక్క పైకెత్తే ఉంటుంది. రమ్మని పిలిచినా, పొమ్మని బెదిరించినా ఒక డెక్క పెద్దగా ఉండే పీతలన్నీ దాన్ని అలాగే ఎత్తుతాయని ఆవిడ చెప్పేవారు. ఇది ఏది చెబుతోందో నాకు తెలియదు. దాన్ని ఏం చెయ్యాలో కూడా ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.