తాళం వేసిన రోజు పెట్టిన సంతకం

స్లావ్కా పదమూడేళ్లు ప్యాంట్లకు జిప్పులు కుట్టింది. ఆ పదమూడేళ్లలో ఆమె ఉద్యోగానికి ఏడాదికి మించిన ఆయుష్షు ఏనాడూ లేదు. ప్రతి అక్టోబరు ముప్ఫైన డైరెక్టర్ వోయ్కో మమ్మల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి కొత్త ఒప్పందం ముందుకు తోసేవాడు. ఒక ఏడు ఒక కంపెనీ పేరు, మరుసటి ఏడు ఇంకో పేరు. గేటు అదే, మిషన్లు అవే, తిట్టే నోరూ అదే. పేరు మారింది కాబట్టి మేమంతా కొత్తవాళ్లమట! సిగ్గు లేకపోతే సరి.

నా పేరు టిల్కా. నాది ఆమె పక్క మిషన్. స్లావ్కా కుడి మణికట్టులో నరం నలిగిపోయింది. ఆపరేషన్ చేయించుకుని ఆరు వారాలు సెలవు పెట్టమని డాక్టరు మూడేళ్లుగా పోరుతున్నాడు. సెలవు పెట్టినవాళ్లకు కొత్త కాగితం అందదు. ఒక ఏడు గర్భంతో ఉన్న పిల్లకు అందలేదు. అందుకని ఆమె ఆ చేత్తోనే కుడుతూ వచ్చింది.

అయినా తొమ్మిదిన్నర కొట్టగానే మిషన్ ఆపేసేది. మాలిత్స వేళ అది. పని మధ్యలో అరగంట తిండి, అదీ పనిగంటల్లో లెక్కే. గిన్నెలో బీన్స్ మీద గుమ్మడిగింజల నూనె పోసుకుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేది.

“ఆ అరగంటేదో చివర్లో తీసుకోరాదూ, తొందరగా ఇంటికి పోవచ్చు,” అనేవాడు వోయ్కో.

“ఆకలి చివర్లో వెయ్యదు సార్. మీ గడియారం చూసుకుని వెయ్యదు.”

మేం తల దించుకుని నవ్వేవాళ్లం. మా అరగంట వదులుకుని కుడుతూనే నవ్వేవాళ్లం, తప్పు మాదే.

పదమూడో ఏడు అక్టోబరు ముప్ఫై ఒకటి గురువారం, మర్నాడు శుక్రవారం చనిపోయినవాళ్లను తలుచుకునే పండగ, రెండూ సెలవులు. వోయ్కో ఇంకా ముందే, మంగళవారమే, పెళ్లాం పిల్లల్ని కారెక్కించుకుని సముద్రం ఒడ్డుకు పోయాడు. ఎప్పుడూ మరిచిపోని మనిషి ఆ ఏడు కాగితాలు మరిచిపోయాడు. గురువారం గేటుకు తాళం.

ఆ రోజే నేనూ స్లావ్కా శ్మశానంలో మావాళ్ల సమాధులు కడిగాం. ఆమె మొగుడిదీ, మా అమ్మదీ పక్కపక్కనే. చేమంతులు పెడుతుంటే ఫానికా వచ్చింది. స్లావ్కాతో చదువుకున్న మనిషి, కార్మిక తనిఖీ ఆఫీసులో పనిచేసి రిటైరయింది.

“మీ కాగితం గడువు ఇవాళ్టితో అయిపోతుందా? కొత్తది రాలేదా?” అంది కొవ్వొత్తి వెలిగిస్తూ. “అయితే వినండే. సోమవారం వెళ్లి మిషన్ దగ్గర కూర్చోండి. గడువు దాటాక కూడా మీచేత పని చేయించుకున్నాడంటే అది పర్మనెంటు ఉద్యోగం. పాత తారీఖు వేసిన కాగితం మీద మాత్రం ప్రాణం పోయినా సంతకం పెట్టకండి.”

స్లావ్కా తన చెయ్యి కేసి చూసుకుంది. “ప్రాణం పోదులే,” అంది.

సోమవారం ఆరింటికి మిషన్లు మొదలయ్యాయి. ఎనిమిదింటికి వోయ్కో ఊడిపడ్డాడు. మొదట నన్నే పిలిచాడు. కాగితం మీద తారీఖు అక్టోబరు ముప్ఫై ఒకటి. చూశాను. ఫానికా మాట చెవిలోనే ఉంది. పెట్టేశాను. భయం! నా వెనక పదిహేనుమందీ పెట్టేశారు.

స్లావ్కాను తొమ్మిదిన్నరకు పిలిచాడు. “మాలిత్స అయ్యాక,” అని కబురు పంపింది. అరగంట ఓర్చుకుని అతనే హాల్లోకి వచ్చాడు.

“సంతకం పెట్టు.”

“గురువారం తారీఖు వేశారే. ఆ రోజు గేటుకి తాళం కదా సార్? నేను మా ఆయన సమాధి కడుగుతున్నా. మీరెక్కడ చూశారు నన్ను?”

“నాకే లా పాయింట్లు చెబుతావా? ఇష్టం లేకపోతే ఇంటికి పో!”

“పోతా. పొమ్మన్న మాట ఇవాళ్టి తారీఖు వేసి రాసివ్వండి.”

వోయ్కో రాసివ్వలేదు. మర్నాడు గేటు దగ్గర కాపలావాడి చేత ఆమెను ఆపించాడు.

ఫానికా ఊరుకోలేదు, ఫిర్యాదు రాయించింది. రెండు వారాలకు ఇన్‌స్పెక్టర్ మా హాల్లోకే వచ్చాడు. వోయ్కో మా కాగితాలు బల్ల మీద పరిచాడు. “గురువారం ప్రత్యేకంగా పిలిపించాం. పదహారుమంది వచ్చి సంతకాలు పెట్టారు. ఈవిడ ఒక్కతే కాదంది. కాబట్టి ఆ రోజుతో ఆమె పని అయిపోయింది. సోమవారం వచ్చింది సామాన్లు తీసుకుపోవడానికి.”

నా ఒళ్లు మండిపోయింది. అన్నిటికంటే పైన నా కాగితమే. నా సంతకంతోనే ఆమె గొంతు కోస్తున్నాడు! స్లావ్కా గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. నా వైపు చూడను కూడా చూడలేదు. నిజం చెప్పమని అడిగినా బాగుండేది.

“ఎవరైనా చెప్పేదుందా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. మిషన్లన్నీ ఆగిపోయాయి.

లేచాను.

“ఆ పైనున్న సంతకం నాదండీ. అబద్ధం సంతకం. గురువారం నేను మా అమ్మ సమాధి దగ్గరున్నా, ఊరంతా చూసింది. తాళం వేసిన గేటు దూకి వచ్చి పెట్టానా? సోమవారం పెట్టించాడు. అప్పటికి స్లావ్కక్క రెండు గంటలుగా జిప్పులు కుడుతోంది, నా పక్కనే.”

“నాదీ సోమవారమే,” అంది వెనక నుంచి ఎవరో. ఆ తర్వాత ఇంకొకరు. వోయ్కో తేలు కుట్టిన దొంగలా కాగితాలు సర్దుకోబోయాడు. “అవి అక్కడే ఉంచండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

జనవరిలో స్లావ్కా చేతికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆమె పర్మనెంటు, మేమూ పర్మనెంటే. చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. అయితే నరం మూడేళ్లు ఎక్కువ నలిగిందట, రెండు వేళ్లకు స్పర్శ ఇక రాదన్నారు. చట్టం మారలేదు, కంపెనీ పేరు మార్చి ఏటేటా కొత్త కాగితం రాయించడం మూడేళ్ల కిందటా తప్పేనట.

గిన్నె మూత తీసి చెంచా కుడిచేతికి అందించాను. జారిపోయింది.

“ఎడమచేతికే ఇవ్వవే, అలవాటైపోయింది,” అంది.