తోడు పంపించండి

ఆ రోజుల్లో మగపిల్లాడు హైస్కూల్లో చేరాలంటే బొత్తాలున్న చొక్కా ఒకటుంటే సరిపోయేది. అదే ఆడపిల్ల చేరాలంటే తోడు కావాలి. నాకు చదువు వస్తుందా రాదా అని ఎవరూ అడగలేదు (అడిగితే లెక్కల దగ్గర దొరికిపోయేదాన్ని, అది వేరే సంగతి). తోడెవరని మాత్రం ఊరు ఊరంతా అడిగింది. ఘంటసాలకి కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్ళో బడి ఎనిమిదో తరగతితో అయిపోయేది. ఆపైన చదవాలంటే పడవెక్కి, కాలవ దిగువనున్న పెద్ద ఊరికి వెళ్ళి ఫోర్తు ఫారంలో చేరాలి. మా ఊరి ఆడపిల్ల ఒక్కతీ అంతవరకూ ఆ పడవెక్కలేదు, పెళ్ళికూతురై అత్తారింటికి వెళ్ళడానికి తప్ప.

నాన్నకి నన్ను చదివించాలనే ఉండేది. కానీ ఆయన మాట వీధి గుమ్మం వరకే చెల్లేది. గుమ్మం లోపల అంతా మా నాయనమ్మ రాజ్యం. ఆవిడ వద్దంటే వాదించవచ్చు, ఏడవవచ్చు. ఆవిడ వద్దనలేదు. "తోడుంటే పంపించుకో, నాకేం?" అని ఊరుకుంది. తోడు దొరకదని ఆవిడ ధీమా. నేను అన్నం మానేస్తానని బెదిరించాను గానీ, కొత్తావకాయ జాడీ మూత తీసేసరికి నా పట్టుదల కాస్తా జారిపోయింది. చూస్తుండగానే స్కూల్లో చేర్చుకునే గడువు మర్నాటితో ఆఖరనే రోజు వచ్చేసింది. ఆ రోజు దాటిపోతే ఇంక నా చదువు పెరట్లో పిడకల దగ్గరే.

అప్పుడు నాన్నకి మా అత్తయ్య కూతురు గుర్తొచ్చింది. అత్తయ్యది కాలవ ఎగువన పక్క ఊరు. వాళ్ళమ్మాయి, అంటే నాకు వదిన, నాకంటే ఏడాది ముందే ఎనిమిది పాసై ఇంట్లో దిండు గలీబుల మీద చిలకలు కుడుతూ కూర్చుంది. ఇద్దరినీ కలిపి పంపితే ఒకరికొకరు తోడు. పైగా అది నాయనమ్మకి సొంత కూతురి కూతురు, కాదనడానికి నోరు రాదు. నాన్న రేవుకి పరుగెత్తి, ఎగువకి వెళ్ళే పడవ సరంగుకి గట్టు మీంచే కేకేసి చెప్పాడు: "మా అక్కయ్యతో చెప్పు, రేపు పొద్దున పడవకి తోడు పంపించమన్నానని. తప్పకుండా పంపించమను. పిల్ల రేవులో ఎదురుచూస్తూ ఉంటుంది."

సరంగు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు పాపం. తప్పు ఆయనది కాదు. అత్తయ్యదీ కాదు. తప్పేమైనా ఉంటే మా గేదెది. అది సరిగ్గా ఆ వారమే ఈనింది. ఆ వార్త ఎగువ ఊళ్ళన్నిటికీ చేరింది. మా అత్తయ్య పెరుగంటే చుట్టుపక్కల పేరు, కత్తితో కోసుకోవాల్సిందే. కొత్త పాడికి పుట్టింటివాళ్ళు తోడడిగారంటే ఆవిడ ఏమనుకుంటుంది? పెరుగు కోసం పిల్ల రేవులో ఎదురుచూడడం ఏమిటన్న అనుమానం కూడా ఆవిడకి రాలేదు. నా తిండి సంగతి ఆవిడకి తెలుసు.

పొద్దున్నే గంజి పెట్టిన కొత్త ఓణీలో బిగుసుకుపోయి రేవులో నిలబడ్డాను. అప్పుడే కాలవలు వదిలిన రోజులు, నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. వచ్చే తోడేదో కళ్ళారా చూద్దామని నాయనమ్మ కూడా వచ్చింది. పడవ ఒడ్డుకి వచ్చింది. ఎంత వెతికినా అందులో వదిన లేదు. సరంగు మాత్రం అరిటాకు కట్టిన ముంత ఒకటి రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డని దించినట్టు దించాడు.

"అక్కయ్యగారు తోడు పంపించారండి. కదలకుండా తెచ్చాను."

నాన్న ముంత వంక చూశాడు, సరంగు వంక చూశాడు, మళ్ళీ ముంత వంక చూశాడు. రేవులో బట్టలుతుకుతున్నవాళ్ళు ఉతకడం ఆపి మరీ నవ్వారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా చదువు ఆ ముంతలో పడి మునిగిపోయిందనుకున్నాను. నాయనమ్మ నింపాదిగా అరిటాకు విప్పి, వేలితో కాస్త తీసి నోట్లో వేసుకుంది.

"పెరుగు ఎదురొచ్చిందిరా. ఇంత మంచి శకునం పెట్టుకుని ఆగుతారా ఎవరైనా? ఎక్కండి," అంది.

"మరి తోడో?" అన్నాడు నాన్న, నోరు ఊరుకోక.

"వచ్చిందిగా. ఒళ్ళో పెట్టుకుని వెళ్ళమను."

అలా వెళ్ళాను. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, తరగతిలో అందరూ మగపిల్లలే, అమ్మాయికి తోడెవరైనా ఉన్నారా అని అడిగారు. నేను ముంత పైకెత్తి, "ఇదేనండి," అన్నాను. సంగతంతా విన్నాక ఆయన నవ్విన నవ్వుకి పక్క గదిలో పాఠం ఆగిపోయింది. పేరు రాసుకున్నారు. మధ్యాహ్నం మేష్టర్లందరూ ఆ పెరుగుతోనే అన్నం తిన్నారు. (తెలుగు మేష్టారు మారు వడ్డించుకున్నారు, అందుకేనేమో నాకు ఛందస్సులో ఎప్పుడూ మార్కులు తగ్గలేదు.) ఆ రోజు నుంచి స్కూలు వదిలేదాకా నా పేరు పెరుగమ్మాయే.

అసలు సంగతి తెలిశాక అత్తయ్య ఊరుకుంటుందా? "పెరుగు పంపమంటే పంపినదాన్ని, పిల్లని పంపమంటే పంపనా?" అని ఆ సోమవారమే వదినని పడవెక్కించింది. మమ్మల్ని చూసి కరణంగారి అమ్మాయి, దాన్ని చూసి వడ్రంగి మావయ్య కూతుళ్ళు బయల్దేరారు. మరుసటేటికి పడవలో మగపిల్లలకి చోటు లేక గట్టు వెంట నడిచారు. మా నాయనమ్మ అదంతా చూసి, "తోడు చెంచాడే వేస్తారే. కడవెడు పాలూ తోడుకోవూ?" అనేది, తనే కనిపెట్టినట్టు.

చాలా ఏళ్ళ తర్వాత గాని నాకు ఒక సంగతి తట్టలేదు. మా నాయనమ్మ శకునాలు నమ్మే మనిషి కాదు. పిల్లి ఎదురొస్తే, అపశకునం దానికే, మనకేమిటని నడిచిపోయేది. మరి ఆ పొద్దున పెరుగు శకునం ఎక్కణ్ణించి పట్టుకొచ్చింది? నా మొహం చూసి జాలిపడిందో, సరే అనడానికి ఆవిడకీ ఒక వంక కావాల్సి వచ్చిందో. అడుగుదామంటే ఆవిడ లేదు.

మొన్న మా మనవరాలు కాలేజీలో చేరడానికి ఒక్కతే హైదరాబాదు బయల్దేరింది. చెప్పులేసుకుంటుంటే నా నోట్లోంచి జారిపోయింది: "తోడెవరే?"

అది తల కూడా ఎత్తలేదు. "ఫ్రిజ్‌లో పై అరలో ఉంది అమ్మమ్మా, స్టీలు గిన్నెలో."

ఇంకేమంటాను? వెళ్ళి ఒక చెంచాడు పెరుగు తెచ్చి దాని చేతిలో వేశాను.