అన్నం మానిన పందులు

2022 ఆషాఢం. బెంగళూరు శివార్లలో జిగణి ఫ్యాక్టరీల గోడలు దాటాక, తుంపరలో సగం కరిగిపోయినట్టున్న మట్టిదారి చివర కృష్ణప్ప పందుల ఫారం. నేను పశువైద్యురాలిని. పందుల డాక్టరంటే మా చుట్టాలు ఇప్పటికీ ముక్కు మూసుకుంటారు. వాళ్ళ ముక్కు, వాళ్ళిష్టం.

అంతకుముందు ఎప్పుడు వెళ్ళినా నాకు మొదట కనిపించేది ఆవిరి. మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో మిగిలిన అన్నాన్ని కృష్ణప్ప డ్రమ్ముల్లో తెచ్చి, మళ్ళీ మరిగించి పందులకు పోసేవాడు. పొద్దున్నే ఆ తెల్లటి పొగలో పందులు కనిపిస్తూ, మాయమవుతూ, ఎవరి కలలోనో తిరుగుతున్నట్టుండేవి. మారతహళ్ళిలో కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలు రాత్రి వదిలేసిన మెతుకులు ఇక్కడ ఇంకో ప్రాణంగా మారుతున్నాయి కదా అనుకునేదాన్ని.

ఆ రోజు ఆవిరి లేదు. ఎదిగే పందులు డొక్కలు లోపలికి పోయి, తలలు వేలాడేసి నిలబడ్డాయి. నేల మీద జిగురు, రక్తం. స్వైన్ డిసెంట్రీ, అంటే పందుల పెద్దపేగుకు వచ్చే రక్తవిరేచనాలు. బ్రాకీస్పైరా అనే మెలికల బ్యాక్టీరియా దీనికి కారణం. మైక్రోస్కోపు కింద చూస్తే అవి నిద్రలో ఈదుతున్నట్టు వంకర్లు తిరుగుతూ పోతాయి. చూడ్డానికి అందంగానే ఉంటాయి, పాపిష్ఠివి. ఫోన్లో విని నేను పంపిన మందుతో ఒకసారి తగ్గింది. మందు ఆపగానే తిరిగొచ్చింది.

"సోమవారం లారీ వస్తాది డాక్టరమ్మా. అన్నీ ఎత్తేస్తాండాను," అన్నాడు కృష్ణప్ప. "ఇన్నేండ్లు సాకినా. ఇంక చూసేకి కాదు నాకు."

"ఎత్తేద్దువులే అప్పా. ముందు వీటికి ఏం పెడుతున్నావో చెప్పు."

"మంచి ఊటే పెడతాండాను, మంచి తిండి."

"మంచిదంటే?"

ఆయన భార్య సరోజమ్మ చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది. "నేను చెప్తా వినండమ్మా. ఈయప్పకు షుగర్ వచ్చుండాది. అన్నం తగ్గించి పొట్టుండేవి తినమని డాక్టరు చెప్పినాడు. ఈ మహానుభావుడు ఇంటికొచ్చి పందులకీ అన్నం మాన్పించినాడు!"

"నాకు విషమనింది వాటికెట్లా పోసేది?" కృష్ణప్ప గొంతు లేచింది. "సుమ్నే, ఊరికే కడుపు నింపితే అయిపోతాదా? నేనేమో పథ్యం తిని బతకాల, అవి చెడిపోవాల్నా?"

అన్నం బదులు గోధుమ పొట్టు, సోయా పొట్టు, బీరు ఫ్యాక్టరీ పిప్పి. ఆయన ప్రేమకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నాకు తిట్టడమే బాగా వచ్చు.

"నీ పందులకు షుగర్ ఉందని ఏ ల్యాబు రిపోర్టు ఇచ్చిందప్పా?"

సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఆ డాక్టరు చెప్పింది తప్పా?"

"నీకు ఒప్పు. ఆయన చూసింది నీ కడుపును. వీటి కడుపు చూడాల్సినదాన్ని నేను. నన్నడిగావా?"

మెత్తగా ఉడికిన అన్నం దాదాపు చిన్నపేగులోనే అరిగిపోతుంది. పొట్టు ఎక్కువైతే అరగనిదంతా పెద్దపేగులోకి దిగి పులుస్తుంది. అక్కడొక ఊరే ఉంది. వెలుతురు ఎరగని, లెక్కకందని సూక్ష్మజీవుల ఊరు. పైనుంచి ఏది దిగితే దాన్నిబట్టి అక్కడ ఎవరి మాట చెల్లుతుందో మారుతుంది. పొట్టు చెడ్డదని కాదు. బ్రాకీస్పైరా లేని పేగులో అదే పొట్టు మేలు చేయవచ్చు. ఇక్కడ మాత్రం దొంగకు విందు పెట్టినట్టయింది.

"లారీని నెల తర్వాత రమ్మను," అన్నాను.

"మళ్ళీ రక్తం పడితే?"

"అప్పుడు నేనే ఎక్కిస్తా."

ఆయన గొణుగుతుండగానే సరోజమ్మ లారీవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పేసింది. నీళ్ళలో మందు, కడిగి ఆరబెట్టిన దొడ్లు, బాగా మరిగించిన అన్నం, దానికి తగ్గ కాస్త దాణా. "డ్రమ్ములో మాంసం ముక్క ఒక్కటి కనబడినా నీ గేటు తొక్కను," అని కూడా చెప్పి వచ్చాను. మాంసంతో పాటు పందులకు ఇంకా పెద్ద రోగాలు రావచ్చు.

రెండు పందులు దక్కలేదు. మిగతావి నిలిచాయి. మందుకెంత పేరివ్వాలో, అన్నానికెంతివ్వాలో ఒట్టేసి చెప్పలేను. కానీ ఈసారి మందు ఆపాక రక్తం తిరిగి రాలేదు.

నెల తర్వాత వెళ్తే దారి మలుపులోనే ఆవిరి ఎదురైంది. దాని మధ్య, బోర్లించిన డ్రమ్ము మీద కృష్ణప్ప, చేతిలో రాగిముద్ద కంచం. పందులు అన్నంలో మూతులు ముంచి ప్రపంచం మరిచిపోయాయి.

"వాసన చూస్తే షుగర్ ఎక్కుతాదా డాక్టరమ్మా?"

"ఎక్కదులే, చూసుకో."

కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాడు. కాసేపు ఆ పొగలో ఆయనా మాయమయ్యాడు.

అప్పటినుంచి ఏ ఫారానికి వెళ్ళినా, పందులు ఏం తింటున్నాయని అడిగే ముందు యజమాని ఏం మానేశాడో అడుగుతాను. నా తిండితో నీకేం పనని కొందరు కోప్పడతారు. కోప్పడనివ్వండి. పందులను నిర్లక్ష్యం చేసేవాడి తప్పు గేటు దగ్గరే కనిపిస్తుంది. వాటిని బిడ్డల్లా చూసుకునేవాడి తప్పు పట్టుకోవాలంటే, ముందు వాడి కంచంలోకి చూడాలి.