విన్నవారి సంతకం

సోమవారం పొద్దున ఇంట్లో ఆమె, అత్తగారు తప్ప అందరూ చెవులు మూసుకున్నారు.

అత్తగారి వినికిడి మిషను చెవిలో సరిగ్గా కూర్చోకపోతే కీచుమని కూస్తుంది. ఆ కూత అత్తగారికే వినపడదు. "అత్తయ్యా, మీ పిట్ట కూస్తోంది" అని చెప్పడం ఇన్నేళ్లుగా కోడలి పని. ఆరోజు భర్త గ్లాసు ఠక్కున కిందపెట్టి, "అబ్బా, చెవులు చిల్లులు పడుతున్నాయి! పక్కనే కూర్చున్నావు, చెప్పవేం?" అన్నాడు. కూతురు అప్పటికే చెవుల్లో వేళ్లు దూర్చుకుంది.

ఆమె చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఫ్యాను వినిపిస్తోంది. వీధి మలుపులో లారీ వినిపిస్తోంది. కూత మాత్రం వినిపించడం లేదు.

"ఏదో ఆలోచనలో ఉన్నా," అంది.

అత్తగారు మిషను తీసి కొంగుతో తుడుస్తూ కోడలి మొహంలోకి చూసింది. కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినిపించేలా అరిచే మనిషి ఆ పూట పెదవి విప్పలేదు.

రేడియో స్టేషన్‌లో ఆమెని టేపులక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా మెట్ల కింద గదిలో పాత టేపులని కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. చిన్నప్పుడు మేనమామ క్యాసెట్ల షాపులో స్టూలు మీద కూర్చుని, ఏది అసలు టేపో ఏది దానికి కాపీనో నాలుగు సెకన్లలో చెప్పేసేది. "దీని చెవులు గబ్బిలానివిరా," అని మేనమామ వచ్చినవాళ్లందరికీ పందెం వేసి మరీ చూపించేవాడు. ఆ చెవులే ఆమెకి ఉద్యోగం తెచ్చిపెట్టాయి.

రెండేళ్లుగా శుక్రవారం సాయంత్రం ఒక ప్రోగ్రాం వస్తోంది. గ్యారేజీల్లో, మేడమీది గదుల్లో సొంతంగా పాటలు కట్టుకుని, వందో రెండొందలో క్యాసెట్లు చేత్తో పంచుకుని కనుమరుగైపోయిన చిన్న చిన్న ఇండీ పాప్ బ్యాండ్లు ఎన్నో ఉన్నాయి. వాటిలోంచి ఒక పాట వేస్తారు. వెంటనే ఆ వారమే విడుదలైన కొత్త ఇండీ పాప్ పాట వేస్తారు. పాతదొకటి, కొత్తదొకటి, అలా గంటసేపు. పాతవాటిని బతికించేది టేపులక్క. రెంటినీ కలిపి మాట్లాడేవాడు యాంకరు. ముప్పై దాటిన మనిషి, నోరు మూతపడదు, ఆమెని "అక్కా" అంటాడు.

టేపు బతకడం ఒక స్క్రూ మీద ఆధారపడి ఉంటుంది. ప్లేయర్లో టేపుని చదివే హెడ్ పక్కనే ఆవగింజంత స్క్రూ. మొదట రికార్డు చేసిన మిషన్లో హెడ్ ఎంత వాలి ఉందో ఇక్కడా అంతే వాలాలి. అది టేపుటేపుకీ మారుతుంది. స్క్రూ తిప్పుతూ వింటూ పోతే ఒక చోట టేపు వెనక ఎప్పుడూ ఉండే బుసబుస పదునెక్కుతుంది. అక్కడ ఆపాలి. ముందో వెనకో ఆపితే పాట వస్తుంది గాని, దుప్పటి కప్పుకుని వస్తుంది. ఆ చోటుని కంటికి చూపించే మీటరు కూడా ఉండేది. అది చెడిపోయినప్పుడు బాగుచేయిస్తామని పైవాళ్లంటే, "నా చెవులుండగా దానితో పనేముంది" అని తనే స్టోరుకి పంపించేసింది.

సోమవారం ఆఫీసుకి వెళ్లగానే తలుపు గడియ పెట్టి ఏదో ఒక టేపు వేసింది. స్క్రూ ఎడమకి తిప్పింది. కుడికి తిప్పింది. కిందటేడు ఇదే టేపు కొత్త చీపురుతో గచ్చు ఊడ్చినట్టు గరగరలాడింది. ఇప్పుడు ఎటు తిప్పినా ఒకటే. డప్పు, బేసు, మగగొంతు అన్నీ ఉన్నాయి. పైనుండాల్సిన సన్నటి గరగర లేదు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసింది.

అప్పుడు గుర్తొచ్చింది, యాంకరు నెల కిందట నవ్వుతూ చదివి వినిపించిన ఉత్తరం. "కొత్త పాటలు కడిగిన అద్దంలా ఉంటాయి, పాతవన్నీ బోర్లించిన బిందెలోంచి వస్తాయేం?" అని ఎవరో శ్రోత రాశాడు. "పాత టేపంటే అంతే మరి," అంది తను. ఆ తర్వాత ఒక పాత బ్యాండు గిటారిస్టు ఫోన్ చేసి, "మేడమ్, మా పాట అంత మందంగా ఉండేది కాదే," అన్నాడు బతిమాలుతున్నట్టు. "ముప్పై ఏళ్లయింది కదండీ, మీకు గుర్తుండదు," అని పెట్టేసింది. పొరపాటు పడితే తప్పు కాదు. కానీ ఆ మనిషి జ్ఞాపకాన్నే తప్పుపట్టింది.

షెల్ఫులోంచి ఫైలు తీసింది. ఒక్కో టేపుకి ఒక్కో కాగితం. కింద ఒక గడి: 'విన్నవారు.' ఆ ఉత్తరానికి కొంత ముందు నుంచి ఇప్పటిదాకా ఎక్కించినవి లెక్కేస్తే పదమూడు కాగితాలు. అన్నిటి మీదా ఆమె సంతకమే.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం మీద రాసిస్తాడు. రాసిస్తే ఆఫీసులో చూపించాలి. మెట్ల కింద గదిలో వినపడని మనిషిని ఎవరు ఉంచుకుంటారు? మంగళవారమంతా ఎవరైనా మాట్లాడితే పెదాల వంకే చూసింది. భర్త పిలిస్తే పలికి, ఇది మొదటి పిలుపేనా, అంతకుముందోటి వినలేదా అని భయపడింది.

బుధవారం యాంకరు ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఒకప్పుడు నలుగురి బ్యాండులో డ్రమ్ములు వాయించాడట. ఇప్పుడు జనానికి క్లచ్చూ బ్రేకూ నేర్పుతున్నాడు.

"ఈ ఒక్క క్యాసెట్టే మిగిలింది మేడమ్. మిగతా ముగ్గురూ వాళ్లవి పోగొట్టుకున్నారు. మా పాటలో సైకిలు బెల్లు ఉంటుందండీ. ప్రతి చరణం చివరా నేనే కొట్టేవాణ్ని. చెప్తే మా ఆవిడే నమ్మదు."

"నమ్మకపోవడమా! డ్రమ్ములు కొనలేక సైకిలు పెట్టుకున్నారేమో అనుకుంటుంది పాపం," అన్నాడు యాంకరు. "ఈ వారం కొత్త పాటలో కూడా బెల్లు ఉంది మాస్టారూ. ఆ పిల్లలేమో తామే కనిపెట్టామనుకుంటున్నారు. రెండూ పక్కపక్కన వేస్తాం."

టేపులక్క మూత విప్పి చూసింది. టేపు మీది పూత గోధుమరంగు పొడిలా వేలికి అంటింది. తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త రాలుతుంది. రెండోసారికి ఏం మిగులుతుందో చెప్పలేం. పాట మొదలయ్యే ముందు ఖాళీ బుసబుస ఎనిమిది సెకన్లు ఉంటుందేమో. ఆ ఎనిమిదిలోనే స్క్రూ కుదరాలి.

"రేపు మధ్యాహ్నం రండి," అంది.

ఆ రాత్రి ఆమెకి దారి దొరికింది. టేపు పూర్తిగా చెడిపోయింది, రాదు, అనేస్తే సరి. స్టేషన్లో ఆ మాట తిప్పికొట్టేవాళ్లు లేరు. ఎంత సులువో తెలిసేసరికి ఇంకా ఎక్కువ భయం వేసింది.

పొద్దున చెప్పులేసుకుంటుంటే అత్తగారు గుమ్మందాకా వచ్చింది. "ఏడేళ్లు దాచానే నేను," అంది మెల్లగా. మళ్లీ తనే గొంతు పెంచి, "వినపడిందా?" అంది.

"వినపడింది అత్తయ్యా."

"పక్కింటి పెళ్లిలో చావు కబురుకి పకపకా నవ్వాను. అంతదాకా తెచ్చుకోకు."

మధ్యాహ్నం ముగ్గురూ మెట్ల కింద గదిలో ఉన్నారు. మాస్టారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా కూర్చున్నాడు. క్యాసెట్టు ప్లేయర్లో ఉంది. మీట నొక్కడమే మిగిలింది. రాదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన బొటనవేలు చూసింది. అది అప్పుడే లేని బెల్లుని కొడుతోంది.

"తమ్ముడూ, ఆ హెడ్‌ఫోన్సు నువ్వు పెట్టుకో," అంది.

"నేనా? మీ సింహాసనం నాకెందుకక్కా?"

"నేను తిప్పుతాను. బుసబుస ఎక్కడ పదునుగా ఉంటే అక్కడ చెయ్యెత్తు. నాకు..." స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంది. "నాకు సన్నటి పైశబ్దాలు వినపడటం లేదు. కొన్ని నెలలై ఉంటుంది. మాస్టారూ, టేపు మీది. వద్దంటే ఇప్పుడే తీసి ఇచ్చేస్తాను."

యాంకరు హెడ్‌ఫోన్సు అందుకున్నాడు. మాస్టారు ఆమెనీ, ప్లేయర్నీ చూసి నెమ్మదిగా అన్నాడు: "నేను కూడా పక్క సీట్లోనే కూర్చుంటానమ్మా. చక్రం నేర్చుకునేవాళ్ల చేతిలో ఉంటుంది. కానివ్వండి."

కంప్యూటర్లో రికార్డింగు మొదలుపెట్టి మీట నొక్కింది. స్క్రూడ్రైవరు వణకకుండా మోచెయ్యి బల్లకి ఆనించి తిప్పింది. ఒకటి, రెండు, మూడు. యాంకరు కళ్లు మూసుకున్నాడు. నాలుగు. చెయ్యి లేవలేదు. ఐదు. ఇంకో వెంట్రుకవాసి. ఆరు. చెయ్యి లేచింది. ఆమె దాటి వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి, రెండోసారి చెయ్యి లేచిన చోట ఆపేసింది. యాంకరు బల్లమీది స్పీకరు ఆన్ చేశాడు. పాట మొదలైంది.

ఆమెకి డప్పు వినిపించింది, గొంతు వినిపించింది. చరణం చివర ఏమీ వినిపించలేదు. మాస్టారు బొటనవేలు మాత్రం ఎగిరి, గాల్లో ఆగిపోయింది. "అదిగో," అన్నాడాయన. యాంకరు తల ఊపాడు. రెండో చరణానికి ఆమె వాళ్ల మొహాలు చూస్తూనే ఉంది, బెల్లు ఎప్పుడు మోగిందో తెలుసుకోడానికి.

పాట అయిపోయాక యాంకరు హెడ్‌ఫోన్సు మెడమీదికి దించుకున్నాడు. "అక్కా, మరి ముందు వేసినవి?" అన్నాడు.

"పదమూడు. అన్నీ మళ్లీ ఎక్కించాలి. గిటారాయనకి ఫోన్ చేసి తప్పు ఆయనది కాదని చెప్పాలి."

కొత్త కాగితం తీసి వివరాలు నింపింది. 'విన్నవారు' గడి దగ్గర కలం ఆగింది. కాగితం యాంకరు ముందుకి తోసింది.

"ఇక్కడ నా సంతకముంటే మేనేజరు అడగడా?"

"అడుగుతాడు. పెట్టు."

అతను సంతకం పెట్టాడు. ఆమె ఫైలులోంచి పదమూడు కాగితాలూ తీసి దాని మీద పేర్చింది. ఒక్కోదాని మీదా తన సంతకానికి అడ్డంగా గీత గీయడం మొదలుపెట్టింది. నాలుగోది గీస్తుండగా పైనుంచి మెట్ల మీద బరువైన బూట్లు దిగుతున్న చప్పుడు మొదలైంది. మేనేజరువే. అలాంటి చప్పుళ్లు ఆమెకి ఇప్పటికీ ఒక్కటి కూడా తప్పిపోకుండా వినిపిస్తాయి. ఐదో కాగితం తీసింది.