పెద్దమ్మ మతిమరుపుకు మేం చెప్పిన సాకులు

మా పెద్దమ్మ సంత నుంచి వస్తూ దారి తప్పిన రోజు ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. అరకు లోయ పక్క కొండ మీద మా ఊరు. పెళ్ళయిన నాటి నుంచీ నడిచిన దారిలో, వాగు దాటాక ఎటు తిరగాలో తెలియక ఆవిడ రాయి మీద కూర్చుండిపోయింది. జీలుగు కల్లు ఎక్కువైందన్నారు. ఆ రోజు కల్లు ముట్టిందో లేదో అడిగినవాడు లేడు.

నన్ను పెంచింది ఆవిడే. నేను బడిపంతుల్ని. బోర్డు మీద మెదడు బొమ్మ గీసి భాగాలు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. ఇంట్లో ఒక మనిషి మెదడు చెడిపోతుంటే మాత్రం "పెద్దతనం" అని తేల్చేశాను. అంత సుఖమైన మాట ఇంకోటి లేదు. అది అనేశాక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

అంబలిలో రెండుసార్లు ఉప్పు వేసేది. అడిగిందే అడిగేది. తన పూసల దండ కోడలు దాచేసిందని అరిచేది. ఆవిడ కొడుకు, మా అన్నయ్య, దేవతకు కోడిని కోయించాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, కోడిని చూసి ఎగతాళి చేసి, టూరిస్టులు దిగే చోట జ్ఞాపకశక్తి పొడి డబ్బా కొనుక్కొచ్చాను. కోడికూర కనీసం అందరం తిన్నాం. ఆ పొడి ఎందుకూ పనికిరాలేదు.

మా అందరిలో బుర్ర ఉన్నది వదిన ఒక్కర్తికే. పెద్దమ్మ పొయ్యి మీద పెట్టి మరిచిన కుండ మాడి, పక్కనున్న పుల్లలు అంటుకున్న రోజున ఆవిడ మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి కడిగేసింది.

"ఆర్నెల్ల నుంచి సెప్తన్నాను, ఇది వయసు కాదు, ఇంకేటో ఉందని. మీ సదువులు ఏటికి? డాక్టరుకి సూపించండి."

విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చిన్నది. ఈ రోజు తారీఖెంత, ఇది ఎన్నో అంతస్తు అని అడుగుతుంటే నాకు ఒళ్ళు మండింది.

"మేడమ్, మా పెద్దమ్మ బడి మొహం చూడలేదు. తారీఖు ఆవిడకి ఏనాడూ తెలీదు. ఈ పరీక్షలో మా ఊరు మొత్తం తప్పుతుంది."

ఆవిడ నొచ్చుకోలేదు. "అయితే ఆవిడకి తెలిసిందే మీరు అడగండి" అంది.

నేను గొప్పగా పెద్దమ్మ వైపు తిరిగాను. బయట ఆషాఢం వాన. కొండమీద చోళ్ళు, అంటే రాగులు, జల్లే రోజులు. "పెద్దమ్మా, ఇప్పుడు మన చేలో ఏటి పని?" అని గట్టిగా అడిగాను.

"కాఫీ పళ్ళు ఏరతన్నాం కదేటి? బేగి పోదాం, పొద్దెక్కిపోతంది."

కాఫీ పళ్ళు ఏరేది చలికాలంలో.

మతిమరుపు అంతా ఒకటే జబ్బు కాదని, థైరాయిడ్, విటమిన్ లోపం, దిగులు వల్ల కూడా రావచ్చని, అవి ముందు చూడాలని డాక్టరమ్మ రక్తపరీక్షలు, స్కానింగ్ చేయించింది. చివరికి అల్జీమర్స్ అని చెప్పింది. మెదడు కణాలు నెమ్మదిగా చచ్చిపోతాయట. అది మనకు కనబడడానికి ఎన్నో ఏళ్ళ ముందే మొదలవుతుందట. పూర్తిగా నయం చేసే మందు లేదు. కొందరికి కొన్నాళ్ళు ఊరటనిచ్చేవి ఉన్నాయి.

"మందు నేని రోగానికి ఇంత దూరమేటికి తెచ్చావు?" అని అన్నయ్య నా మీద పడ్డాడు.

పెద్దమ్మకు బీపీ చాలా ఎక్కువ. ఎన్నేళ్ళ నుంచో ఎవరికి తెలుసు? చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి పీల్చే అడ్డపొగ మానలేదు. చెవులు వినబడక పదేళ్ళు. బీపీ, షుగరు, పొగాకు, వినికిడి లోపం, ఒంటరితనం ఈ జబ్బు ముప్పును పెంచుతాయని డాక్టరమ్మ చెప్పింది.

"ఇవన్నీ ముందే చూసుకునుంటే వచ్చేది కాదా?" అని అడిగాను.

"అలా చెప్పలేం. అన్నీ బాగున్నవాళ్ళకీ రావచ్చు. ముప్పు మాత్రం తగ్గేది."

చెవిటిదానితో మాటలేంటని పదేళ్ళు ఆవిడతో మాట్లాడటమే మానేశాం మేము. అరవడానికి బద్ధకించి, దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం.

"మీ బీపీ ఎంత మాస్టారూ?" అని డాక్టరమ్మ అడిగింది. తెలీదన్నాను. అక్కడే చూసింది. నాదీ ఎక్కువే. మెదడు బొమ్మలు గీసే మహానుభావుణ్ణి!

అప్పటి నుంచి మాత్ర మింగుతున్నాను, సిగరెట్టు మానేశాను. పెద్దమ్మకు చెవి మిషను పెట్టించాం. వదిన ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చేట చేతికిచ్చి, పాత కబుర్లు చెప్పించేది. నన్ను చనిపోయిన తన తమ్ముడనుకునేది పెద్దమ్మ. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. "ఎవులైతేనేటి? పలుకు" అంది వదిన. పలికాను.

మూడేళ్ళు బతికింది. పోయిన రోజు మేం మగాళ్ళం అందరికీ వినబడేలా ఏడ్చాం. ఆ మూడేళ్ళూ స్నానం చేయించి, తినిపించి, రాత్రులు కాపలా ఉన్న వదిన మాత్రం ఏడవలేదు. పదిమందీ వెళ్ళిపోయాక చాప పరుచుకుని రెండు రోజులు నిద్రపోయింది. దానికి మా చుట్టాలు ఆవిడది రాతి గుండె అన్నారు.