పెట్టె అడుగున ఇరవై రెండు గుడ్డలు

మొన్న ఆదివారం ఉదయం మా తోడికోడలి మనవరాలు విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది. ఆమెకు ఇప్పుడు ఏడో నెల. ఫోనులోనే పసిపిల్లల డైపర్ల ఫోటోలు రెండు పంపి, ఒకటి వాడి పారేసే రకమనీ, రెండోది గుడ్డతో కుట్టినది, ఉతికి మళ్ళీ వాడుకునే రకమనీ, రెండింట్లో ఏది కొనమంటారు పెద్దమ్మమ్మా అనీ అడిగింది. పారేసేవాటితో పసిపిల్లల ఒళ్ళు కందుతుందని కొందరు అంటున్నారట, గుడ్డవైతే ఉద్యోగం చేసుకుంటూ ఎవరు ఉతుకుతారని భర్త అంటున్నాడట. రెండూ కొన్ని కొన్ని తెచ్చుకోమని చెప్పాను. నిజానికి ఆ మాట అడగవలసింది నన్ను కాదు, వాళ్ళ అమ్మమ్మను. ఆమె పోయిన కార్తీకంలో కన్నుమూసింది. అయిదు నెలలైనా ఆ ఇంటి నుంచి ఫోన్ మోగితే ఆమే చేసిందనుకుని తీస్తున్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఏది కొనాలి అన్న ప్రశ్న మా కాలంలో లేదు. మన వయసు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, బిడ్డ భూమ్మీద పడేదాకా ఉయ్యాల కొనకూడదు, చొక్కా కుట్టకూడదు, పేరు అనుకోకూడదు. ముందుగా సిద్ధం చేసుకోనిచ్చేది పాత చీరలు చింపిన పొత్తిగుడ్డలు ఒక్కటే. అయితే ఆ చీర ఎవరు కట్టి విడిచినది అన్నది మాత్రం ఇంట్లో అందరికీ పెద్ద ప్రశ్న. పిల్లలు పుట్టి, పుట్టినవాళ్ళందరూ బతికిన తల్లి చీర కావాలి. నా చీర పనికిరాదు.

అరవైల చివరి మాట ఇది. నరసన్నపేటకు నాలుగు మైళ్ళ లోపలి ఊరు మాది, నడుమ ఒక గెడ్డ దాటాలి. వేసవిలో ఆ గెడ్డలో పాదం తడవదు, ముసురు పట్టిందంటే దాటడానికి లేదు. నేను ఆ ఇంటి పెద్దకోడలిని. మా వారు ఊరి బడిలో మాస్టారు. మరిది విజయనగరంలో గుమాస్తా పని చేస్తూ గది దొరక్క భార్యను మా దగ్గరే ఉంచాడు. మా తోడికోడలికి చిన్నప్పుడే తల్లి పోయింది, అందుకని తొలి కాన్పుకు పుట్టింటికి పంపకుండా పురుడు మా ఇంట్లోనే పోయాలని మా అత్త నిర్ణయించింది.

అంతకు మూడేళ్ళ ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ తన పొందూరు ఖద్దరు చీరలు రెండు, ఎర్ర అంచువి, కట్టి కట్టి మెత్తబడ్డవి, ముప్పై గుడ్డలుగా చింపి ఇచ్చింది. పిల్ల ఎనిమిదో రోజున రొమ్ము పట్టడం మానేసి తొమ్మిదో రోజు మధ్యాహ్నం పోయింది. వాడినవి ఎనిమిది గుడ్డలు, అవి పిల్లతోనే పోయాయి. మిగిలిన ఇరవై రెండింటినీ గెడ్డలో వదిలేయమని మా అత్త చెప్పింది. సరేనని, వాటిని నా పెట్టె అడుగున, పెళ్ళికి నేను తెచ్చుకున్న పుస్తకాల కింద పెట్టాను. ఆ ఇంట్లో పుస్తకాలు కదిపేది నేనొక్కదాన్నే. ఆ తరువాత నాకు మళ్ళీ కడుపు పండలేదు.

తోడికోడలికి ఎనిమిదో నెల రాగానే మా అత్త పసుపు కుంకుమలు, తమలపాకులు పట్టుకుని మునసబు గారి తల్లి దగ్గరకు వెళ్ళింది. ఆమెకు తొమ్మిదిమంది పిల్లలు, తొమ్మిదిమందీ ఉన్నారు. నెల తిరిగేలోగా మూడుసార్లు వెళ్ళి మూడు చీరలు తెచ్చింది. మా తోడికోడలు నవ్వు దాచుకోలేని మనిషి. "ఆ ముసలమ్మకి కట్టుకోడానికి ఏటైనా ఒగ్గిందా అప్పా మన అత్త?" అని నా చెవిలో అనేది. నన్ను అప్పా అనే పిలిచేది, అక్క అని. ఆ మూడు చీరలూ మా అత్తే చింపింది. నన్ను పట్టుకోమనలేదు. పురిటిగదిలోకి రావద్దని కూడా నోటితో అనలేదు, వంటిల్లు చూసుకోమంది, అంతే. నాకు అర్థమైంది. పుస్తకాలు చదివినదాన్ని, అలాంటివి నేను నమ్మనని అనుకునేదాన్ని. కాని ఆ గడప దగ్గరకు వచ్చేసరికి నా కాళ్ళే ఆగిపోయేవి.

మరిది విజయనగరం నుంచి తువ్వాలు గుడ్డతో చేసిన నాప్కిన్లు డజను, వాటితో పిన్నులూ తెచ్చాడు. అప్పట్లో అవి అక్కడి ఆఫీసర్ల ఇళ్ళలో వాడేవారట. మా అత్త ఆ పొట్లం విప్పకుండానే అటక మీద పెట్టించింది.

దసరా వెళ్ళాక, ఒక తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. చిన్న పిల్ల, చేతిలో పెడితే బరువు తెలియదు. రెండో రోజున ముసురు మొదలైంది. మూడో రోజుకు గెడ్డ పొంగింది. పురిటిబట్టలు ఉతికే చాకలామె అవతలి గట్టున ఉంటుంది, ఆమె రాలేదు. బాలింతకు వేడినీళ్ళు, పథ్యం, పిల్లకు స్నానం అన్నీ మా అత్త మీదే పడ్డాయి గనుక గుడ్డలు ఉతకడం నాకు వచ్చింది. ఉతకడం పెద్ద పనేమీ కాదు, ఆరబెట్టడమే. ఎండ మాట దేవుడెరుగు, గాలిలో కూడా నీళ్ళే. కుంపటి మీద వెదురు బుట్ట బోర్లించి దాని మీద గుడ్డలు పరిచేదాన్ని. పిడకలు చెమ్మగిల్లి పొగ తప్ప సెగ వచ్చేది కాదు. ఒక గుడ్డ సగం ఆరేలోగా లోపలినుంచి నాలుగు తడిగుడ్డలు బయటికి వచ్చేవి. నాలుగో రోజున అటక మీది పొట్లం దింపక తప్పలేదు. ఆ కొత్త నాప్కిన్ల గరుకుకు పూట తిరక్కుండా పిల్ల తొడలు ఎర్రగా కందాయి. మా అత్త ఒకటి చేత్తో నలిపి చూసి, "ఇవి పసిగుంటకి సుట్టడానికా, కుండలు తోమడానికా?" అని విసిరేసింది.

అయిదో రోజు పొద్దున్న పొడిగుడ్డ అన్నది ఇంట్లో లేకుండా పోయింది. నేను నా గదిలోకి వెళ్ళి పుస్తకాలు తీసి, కింద ఉన్న వాటిలోంచి ఆరు గుడ్డలు తీసుకున్నాను. మెత్తగా, పొడిగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నాయి. వాటిని సగం ఆరిన మిగతా గుడ్డల మధ్య పెట్టి గడప దాకా తీసుకువెళ్ళి అందించాను. ఎందుకు చేశానని అడిగితే, పిల్ల తడిలో ఉంది గనుక అని చెబుతాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. వాటిలో ఒకటి ఒక పసిబిడ్డ ఒంటి మీద చూడాలని కూడా ఉంది నాకు.

ఎనిమిదో రోజు పొద్దున్న పిల్ల రొమ్ము పట్టడం లేదని మా తోడికోడలు చెప్పడం వంటింట్లోకి వినిపించింది. చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు. ఎనిమిదో రోజు. మంత్రసాని పొరుగు వీధిలోనే ఉండేది, వచ్చి పొట్ట మీద ఆముదం రాసింది, లాభం లేదు. పిల్ల రొమ్ము అందుకోవడం, వెంటనే వదిలేసి ఏడవడం, ఆ ఏడుపూ మెల్లగా సన్నబడటం. మా వారు గెడ్డ లోతు చూసి వస్తానని, దాటగలిగితే నరసన్నపేట ఆసుపత్రి నుంచి నర్సమ్మను తీసుకువస్తానని గొడుగు కూడా లేకుండా వెళ్ళారు.

నా ఆలోచన ఒకటే. నా గుడ్డలు వెనక్కి తీసేయాలి. ఆరింటిలో ఒకటి పిల్ల ఒంటి మీద ఉంది, ఒకటి నీళ్ళలో నానుతోంది, నాలుగు బుట్ట మీద ఉన్నాయి. మిగతావాటికంటే పల్చన కాబట్టి ఆ నాలుగే ఆరాయి. వాటిని మడిచి కొంగు కింద పెట్టుకున్నాను. అంతలో పిల్ల తడిపిందని, పొడిగుడ్డ ఒకటి ఇమ్మని మా అత్త లోపలినుంచి అడిగింది. బుట్ట మీద ఆరినవన్నీ నా కొంగు కింద ఉన్నాయి. మా అత్త మళ్ళీ అడిగింది. బుట్ట మీదినుంచి మునసబు గారి తల్లి చీరగుడ్డ తీసి, అది చల్లగా చేతికి అంటుకుంటున్నా, అదే ఇచ్చాను. అలా ఆ పూట మూడుసార్లు తడిగుడ్డ ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ పిల్లను కాపాడుతున్నానని అనుకున్నాను.

మధ్యాహ్నానికి నర్సమ్మ వచ్చింది. మిషను ఆసుపత్రిలో పని నేర్చుకున్న మనిషి, నడుం లోతు నీళ్ళలో మా వారి వెనకాలే దాటి వచ్చింది, చెప్పులు చేతిలోనే ఉన్నాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, నిప్పు దగ్గర కాచుకుని, పిల్లను విప్పి చూసింది. జలుబు చేసి ముక్కు పూర్తిగా మూసుకుపోయిందనీ, ఊపిరి అందక పాలు వదిలేస్తోందనీ, అంతకంటే పిల్ల ఒళ్ళు మంచులా ఉండటమే తనకు భయంగా ఉందనీ చెప్పింది. ఒంటి మీది గుడ్డ పిండి చూపించి, ఇంత ఇంట్లో పొడిగుడ్డ ఒక్కటి లేదా అని అడిగింది. మా అత్త తల తిప్పి గడప అవతల ఉన్న నా వైపు చూసింది. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని నా గదిలోకి తీసుకువెళ్ళింది.

"నీ పెట్టి తియ్యి," అంది.

నేను కొంగు దగ్గరగా లాక్కున్నాను.

"నీ గుడ్డలు కలిపినావని నాకు తెల్దనుకున్నావేటే? ముసలమ్మ సీరలకి ఎర్రంచు ఎక్కడిది? అయిదో నాడే సూసినాను."

తెలిసీ ఎందుకు ఊరుకున్నావత్తా అని అడిగాను. ఆమె పెట్టె మీది దుప్పటి తనే తీస్తూ, నా ముఖం చూడకుండా చెప్పింది.

"నీ మొగుడికి ముందు నాకొకడు పుట్టినాడు. పదకొండు నాళ్ళు బతికినాడు. ఆడి గుడ్డలు గెడ్డలో ఒగ్గీమంది మా అత్త. నానొగ్గనేదు. ఆటిలోనే నీ మొగుణ్ణి పెంచినాను. ఎవులికీ సెప్పనేదు, నువ్వూ సెప్పకు. పిల్ల సల్లబడిపోతంది, తియ్యి."

అంతవరకూ ఆ ఇంట్లో మా వారే తొలి చూలని నేను అనుకుంటున్నాను, మా వారు కూడా అలాగే అనుకుంటున్నారు. మరి నావెందుకు పారేయమన్నావని అడగలేదు, అడిగే సమయం కాదు. పుస్తకాలు నేల మీదకు తోసి పెట్టెలో ఉన్న పదహారూ తీశాను. కొంగు కింద ఉన్న నాలుగూ వాటితో కలిపాను. మా అత్త అన్నీ నా చేతుల్లోనే ఉంచి, నన్ను ముందు నడవమంది. అలా ఆ పురిటిగది గడప దాటాను.

నర్సమ్మ పిల్లను తల్లి ఒంటికి ఆనించి, ఆ గుడ్డలు చుట్టూ కప్పింది. ఒక గుడ్డ అంచు చింపి వత్తిలా చేసి ఉప్పునీటితో ముక్కు శుభ్రం చేసింది. పాలు పిండించి చెంచాతో చుక్క చుక్కగా పట్టింది. దీపాలు పెట్టే వేళకు పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. రొమ్ము మాత్రం అందుకోలేదు. మర్నాడు తొమ్మిదో రోజు. ముసురు విడిచి ఎండ పొడ వచ్చింది. గుడ్డలు దండెం మీద వేస్తున్నాను గాని నా చూపు గది వైపే ఉంది. నా పిల్ల పోయిన వేళ నాకు తెలుసు, బడిలో మధ్యాహ్నం గంట కొట్టిన తరువాత. గంట కొట్టారు. నేను తడిగుడ్డ చేతిలో పట్టుకుని దండెం దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి లోపలినుంచి మా తోడికోడలు, "అప్పా, రొమ్ము పడతంది," అంది. మామూలుగానే అంది. నేను ఆ గుడ్డను దండెం మీద వేసి, మడతలు లేకుండా సరిచేశాను.

ఆ గుడ్డలు ఆ పిల్ల ఒంటి మీదే అరిగాయి. కొన్ని చిరిగి లాంతరు గ్లాసులు తుడిచే గుడ్డలయ్యాయి, తరువాత అవీ లేవు. నా బిడ్డకు ఫోటో లేదు, పేరు పెట్టే వేళ రాలేదు. మిగిలిన ఆ కాసిని గుడ్డలూ పెట్టెలో చీకిపోకుండా అలా అయిపోవడమే మేలని నాకు అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

మా అత్త మాట నేను దాటలేదు. మా వారికి కూడా చెప్పలేదు. రెండేళ్ళకు మా తోడికోడలికి మళ్ళీ నెలలు నిండాయి. ఈసారి మా అత్త మునసబు గారింటికి బయలుదేరకముందే, బియ్యం ఏరుతూ కూర్చున్న నా పక్కన తోడికోడలు చేరి, "అప్పా, నీ మెత్త సీర ఒకటి ఇయ్యి, సింపుకుంటాను," అంది. ఆమె ముఖం చూశాను. ఎప్పటి నవ్వే ఉంది, ఇంకేమీ కనిపించలేదు. లోపలికి వెళ్ళి మంచి చీర ఒకటి తెచ్చాను. ఇద్దరం చెరొక అంచూ పట్టుకుని చింపాం.

ఆమెకు ఎంత తెలుసో నేను ఎన్నడూ అడగలేదు. యాభై ఏళ్ళకు పైగా ఒకరి ఇంటికి ఒకరం వస్తూ పోతూ ఉన్నాం, అడగడానికి ఎన్నో మధ్యాహ్నాలు దొరికాయి. కార్తీకంలో ఆమె మంచం పక్కన మూడు రోజులు కూర్చున్నాను, అప్పుడూ అడగలేదు. ఇప్పటి పిల్లలకు ఇవేవీ అక్కరలేదు. దుకాణం నుంచి వస్తాయి, ఎవరి చేతివని అడిగే పని లేదు, గదిలోకి ఎవరు రాకూడదన్న మాటే లేదు. అలా మారినందుకు నాకు బాధ లేదు, నిజంగానే లేదు. అయితే ఒకరి చీర ఇంకొకరు అడిగి తెచ్చుకోవడం కూడా దానితోపాటే పోయింది. నన్ను అడిగింది ఒక్క మనిషి, ఒక్కసారి. ఆ మనిషి ఇప్పుడు లేదు.